అక్షర ఫలకము, చుక్కల ఫలకము

రేడియో పెట్టెలలో వాల్వులుండిన కాలమున, కాలిపోయిన వాల్వును తీసి అదే సంఖ్య గల మరొకదానిని గుచ్చినచో పెట్టె మరల పలికెడిది. 1935లో అమెరికాలో వెలువడిన ఎనిమిది కాళ్ల దిమ్మ ఈ పనిని సులభము చేసెను. కాని దిమ్మ సరిపోయినంత మాత్రమున వాల్వు సరిపోయినట్లు కాదు. ధ్వనిని పెంచు వాల్వులును, విద్యుత్తును సరిచేయు వాల్వులును అదే దిమ్మతో వచ్చెడివి. ఒకదాని చోట వేరొకటి గుచ్చినవాడు మరమ్మతు దుకాణమునకు పోవలసి వచ్చెడిది. నేటి చిన్న యంత్రములలో జరుగు ఇట్టి మార్పిడి యొకటి ఈ ప్రసంగమునకు విషయము.

లెక్కించు భాగము, జ్ఞాపకశక్తి, బయటి తీగలను కలుపు ద్వారములు ఒకే సిలికాన్ ముక్కలో ఇమిడిన సాధనమును మైక్రోకంట్రోలరందురు. 1974లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు టి.ఎం.ఎస్. 1000 పేర దీనిని అంగడికి తెచ్చిరి. ఇది చేయవలసిన పనుల వరుసకు ప్రోగ్రామని పేరు. ఆకాశవాణి ప్రోగ్రాము కాదు సుమా! దానిని అక్షరములలో వ్రాయుట వాడుక. వ్రాయుటకు బదులు బొమ్మగా గీయవచ్చునని 1966లో విలియం సదర్లాండ్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు సమర్పించిన సిద్ధాంత గ్రంథములో చూపెను. 1986లో ల్యాబ్‌వ్యూ ఆ పద్ధతిని ప్రయోగశాలలకు తెచ్చినది. తరువాత వచ్చిన ఫ్లోకోడ్, విజువీనో వంటి సాఫ్ట్‌వేరులు దానిని మైక్రోకంట్రోలర్లకు వర్తింపజేసినవి.

విజువీనోలో ఒక్కొక్క పరికరము తెరపై ఒక్కొక్క పెట్టె. ఉష్ణమాపకపు పెట్టె నుండి డిస్‌ప్లే పెట్టెకు గీత గీసినచో ఉష్ణోగ్రత ఫలకముపై కనబడును. మరి ఆ ఫలకమును మార్చవలసి వచ్చిన? పాత పెట్టెను తొలగించి కొత్తదానిని ఉంచుటయే గదా యని తోచును. తొలగించినంతనే దానికి తగిలియున్న గీతలును పోవును. ఇది చిన్న చిక్కు. గీతలు మరల గీసికొనవచ్చును. పెద్ద చిక్కు ఫలకముల స్వభావములో నున్నది.

చిన్న యంత్రములపై పదహారేసి అక్షరముల రెండు పంక్తులు చూపు ద్రవస్ఫటిక ఫలకమును చాలమంది చూచియుందురు. అట్టి ఫలకములకు 1980 దశకమున హిటాచి వారు చేసిన హెచ్.డి. 44780 అను చిప్పు ప్రమాణమైనది. అక్షరముల రూపములు ఆ చిప్పులోనే పొందుపరుపబడినవి. మైక్రోకంట్రోలరు 65 అను సంఖ్యను పంపిన చాలును. ఐదు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు గల చట్రములో ఆంగ్లపు ‘ఎ’ రూపమును ఫలకమే నిలుపును. ఇతర సంస్థలును ఇవే ఆదేశములను పాటించు చిప్పులను చేసినవి. కనుక పదహారక్షరముల ఫలకమును తీసి ఇరువది యక్షరముల ఫలకమును పెట్టినచో పటములో వెడల్పును, పంక్తుల సంఖ్యను సవరించిన సరిపోవును. ఒక్కొక్కప్పుడు తలక్రిందులుగ ఫలకము అదే యుండి పెట్టె మారవలసి వచ్చును. ఆరు సంకేతపు తీగలకు బదులు, ఫిలిప్స్ వారు 1982లో రూపొందించిన రెండు తీగల పద్ధతిని వాడునప్పటి సంగతి యిది.

చుక్కల ఫలకము వేరు జాతి. 1987లో కోడక్ సంస్థకు చెందిన టాంగ్, వాన్ స్లైక్ అనువారు ప్రకటించిన సేంద్రియ దీపముల పరిశోధన నుండి, తమంతట తామే వెలుగు చిన్న ఫలకములు పుట్టినవి. వానిలో ఎస్.ఎస్.డి. 1306 అను చిప్పు గలవి చవుక, ప్రసిద్ధము. ఆ చిప్పుకు అక్షరమనగా నేమో తెలియదు, చుక్కలే తెలియును. అడ్డముగ 128, నిలువుగ 64. మొత్తము 8192 చుక్కలు. వాని ప్రతిబింబమును మైక్రోకంట్రోలరు తనలో నిలుపుకొనినచో 1024 బైట్లు పట్టును. ఆర్డుయీనో ఊనో బల్లపైనున్న చిప్పుకు గల తాత్కాలిక జ్ఞాపకశక్తి 2048 బైట్లే. పెట్టె యొకటి మార్చినంతనే అందులో సగము వ్యయమగును! అప్పటివరకు చక్కగ నడచిన పటము, ఒక్క గీతయు తప్పు లేకున్నను తడబడవచ్చును.

ఏమి చూపవలెనను దానిని ఎట్లు చూపవలెనను దాని నుండి విడదీయుట కొత్త యాలోచన కాదు. 1978లో బర్కిలీ విశ్వవిద్యాలయమున బిల్ జాయ్, ఏ టెర్మినల్ ఏ ఆదేశమునకు లోబడునో తెలుపు పట్టికను కూర్చెను. దానిపేరు టెర్మ్‌క్యాప్. ప్రోగ్రాము ఆ పట్టికను చూచి నడుచుకొనును. టెర్మినల్ మారినను తాను మారనక్కరలేదు. తెరపై పెట్టెల మార్పిడికి మూలము ఈ విభజనయే. ఇది మెచ్చదగిన ఏర్పాటే కాని, లోపలి భేదమును మరపించుట దానిలోని లోపమని నా యభిప్రాయము.

ఆ భేదము తెలుగు వ్రాయబోవునప్పుడు తేటపడును. హిటాచి చిప్పులలో ఒక రకమున జపానువారి కటకన లిపి గలదు, మరొక రకమున ఐరోపా అక్షరములు గలవు. తెలుగు లేదు. వాడువారు స్వయముగా గీసికొనుటకు ఎనిమిది రూపములకే చోటున్నది. ఎనిమిదింటిలో మన అచ్చులైనను ఇమడవు. ఇక గుణింతములు, వత్తుల మాట చెప్పనేల? ఐదు చుక్కల వెడల్పులో ‘ఝ’ను ఒదిగించుట ఎవరి తరము?

చుక్కల ఫలకముపై చోటు గలదు. అయినను పని అంతటితో తీరదు. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగునకు స్థానము దొరికినది. అందులో ‘శ్రీ’ అనునది ఒక సంకేతము కాదు, నాలుగు: శకారము, పొల్లు, రకారము, దీర్ఘమైన గుడి. యూటీఎఫ్-8 పద్ధతిలో పన్నెండు బైట్లు. వానిని ఒక రూపముగ కూర్చు నేర్పు ఇట్టి చిన్న చిప్పులకై వ్రాసిన సామాన్య సాధనములలో నుండదు. కావున మాటను ముందుగనే బొమ్మగా గీసి దాచుట సులువైన మార్గము. 64 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు గల మాటకు 128 బైట్లు చాలును. ఇట్టి బొమ్మలను, జ్ఞాపకశక్తిలో ప్రోగ్రాము నిలుచు వేరు భాగమున ఉంచవచ్చును.

‘మోటారు ఆఫ్’ అని ఆంగ్లలిపిలో చూపుచుండిన పటమున పాత పెట్టెను తీసి చుక్కల ఫలకపు పెట్టెను ఉంచినను మరల వచ్చునవి ఆంగ్లాక్షరములే. ‘మోటారు ఆగినది’ యని తెలుగులో కనబడవలెనన్నచో అక్షరముల వరుసను తెచ్చు గీతను తెంచి, గీసి దాచిన బొమ్మను చూపు భాగమునకు కొత్త గీత కలుపవలెను.