కృష్ణా పశ్చిమ డెల్టా సాగునీరు: కేంద్ర, రాష్ట్రాల అధికార విభజన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
భారత రాజ్యాంగంలో సాగునీరు రాష్ట్రజాబితాకు చెందిన అంశం. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్రజాబితాకు చెందినది. ఈ రెండు అధికారాల నడుమ తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలతో కూడిన కృష్ణా పశ్చిమ డెల్టా పొందిన అనుభవాన్ని 1855 నుంచి 2023 వరకు ఈ వ్యాసం పరిశీలిస్తుంది. డెల్టాకు రావలసిన నీటి పరిమాణం చట్టబద్ధంగా స్థిరపడినా, ఆ నీరు రావలసిన సమయాన్ని నిర్ణయించే అధికారం స్థిరపడలేదని చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: కృష్ణా పశ్చిమ డెల్టా, రాష్ట్రజాబితా, బచావత్ ట్రైబ్యునల్, నదీ యాజమాన్య బోర్డు, ఆయకట్టు.

1. ఉపోద్ఘాతం:
విజయవాడ వద్ద కృష్ణ కుడిగట్టున బయలుదేరే ప్రధాన కాలువ దుగ్గిరాల వద్ద శాఖలుగా చీలుతుంది. తూర్పు కాలువ, పశ్చిమ కాలువ, నిజాంపట్నం కాలువ తెనాలి మీదుగా సాగుతాయి. బాపట్ల, రేపల్లె పరిసర గ్రామాలు సముద్రానికి చేరువగా, కాలువల చివరిభాగంలో ఉన్నాయి. సుమారు 5.71 లక్షల ఎకరాల ఈ ఆయకట్టు ఒకప్పుడు గుంటూరు జిల్లా పరిధిలోనే ప్రధానంగా ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లగా, తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలింది. అయితే కాలువ నీటికి సంబంధించిన అసలు నిర్ణయాలు ఈ రెండు జిల్లా కేంద్రాల్లోనూ జరగవు. అవి ఎక్కడ జరుగుతాయన్నది సమాఖ్య వ్యవస్థకు సంబంధించిన ప్రశ్న.

2. ఆనకట్ట నుంచి బ్యారేజీ వరకు:
1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను ఖాళీ చేసింది. ఆ అనుభవం తరువాతనే 1852లో బెజవాడ వద్ద ఆనకట్ట నిర్మాణం మొదలై 1855లో పూర్తయింది. ఆనకట్ట, కాలువలు, శిస్తు అన్నీ మద్రాసు ప్రభుత్వం చేతిలోనే ఉండేవి. 1919 నాటి చట్టం సాగునీటిని రాష్ట్ర విషయంగా గుర్తించినా, శాసనసభకు జవాబుదారులైన మంత్రులకు బదలాయించలేదు. దానిని గవర్నరు కార్యనిర్వాహక మండలికే రిజర్వు చేసింది. 1935 నాటి చట్టం నీటిని రాష్ట్రజాబితాలో చేర్చి, ఒక రాష్ట్రం చర్య వల్ల మరొక రాష్ట్ర ప్రయోజనం దెబ్బతింటే గవర్నర్ జనరల్‌కు ఫిర్యాదు చేసుకునే అవకాశం కల్పించింది. నేటి రాజ్యాంగంలోని ఏర్పాటుకు మూలాలు ఇక్కడే ఉన్నాయి.

1952లో పాత ఆనకట్ట కొంతభాగం కొట్టుకుపోయింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. 1957 నాటికి కొత్త బ్యారేజీ సిద్ధమైంది. ఈ శతాబ్ద కాలంలో ప్రభుత్వాలు మారినా ఒక విషయం మారలేదు. దిగువ కృష్ణలో ప్రధాననదిపై ఎగువన భారీ జలాశయం లేదు. కనుక అధికారం కాగితం మీద ఎవరిదైనా, డెల్టాకు నీరు వచ్చే వేళను నిర్ణయించింది నదే.

3. పరిమాణం – రాజ్యాంగం, ట్రైబ్యునల్:
రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్రజాబితా 17వ పద్దు సాగునీటిని రాష్ట్రాలకు ఇచ్చింది. కేంద్రజాబితా 56వ పద్దు అంతర్రాష్ట్ర నదుల నియంత్రణను పార్లమెంటుకు ఇచ్చింది. మొదటిది రెండవదానికి లోబడి ఉంటుంది. ఈ అధికారంతో 1956లో చేసిన నదీబోర్డుల చట్టం కింద ఒక్క బోర్డు కూడా ఏర్పడలేదు. అదే సంవత్సరం, 262వ అధికరణం ఆధారంగా వచ్చిన జలవివాదాల చట్టమే ఆచరణలో నిలిచింది. అంటే కేంద్రం నదిని నిర్వహించే పాత్రను తీసుకోక, తగాదా వచ్చినప్పుడు తీర్పు చెప్పించే పాత్రకే పరిమితమైంది.

1969లో నియమితమైన బచావత్ ట్రైబ్యునల్ 75 శాతం ఆధారిత ప్రవాహాన్ని 2,060 టీఎంసీలుగా లెక్కించి, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించింది. 1960 సెప్టెంబరు నాటికి ఉన్న వినియోగాలకు రక్షణ కల్పించడం వల్ల కృష్ణాడెల్టాకు 181.20 టీఎంసీలు దక్కాయి. తరువాత డెల్టా ఆధునికీకరణ వల్ల మిగిలే 29 టీఎంసీలను రాష్ట్ర ప్రభుత్వమే ఇతర అవసరాలకు సర్దుబాటు చేయడంతో అది 152.20కి తగ్గింది. తన వాటాను లోపల పంచుకునే స్వేచ్ఛ రాష్ట్రానికి ఉందనడానికి ఇది నిదర్శనం.

4. సమయం – సాగర్ తరువాత:
1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైంది. అప్పటినుంచి డెల్టా నీటి రాకకు నదీప్రవాహంతో పాటు సాగర్ విడుదల కూడా ఆధారమైంది. సమయం ఎందుకు ముఖ్యమో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూపింది. దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల తీరగ్రామాలూ ఆనాడు దెబ్బతిన్నాయి. జూన్‌లో నారుమడికి నీరు అందకపోతే నాట్లు ఆలస్యమవుతాయి. పంట తుపానుల కాలంలో పొలంలోనే ఉండిపోతుంది. అందువల్ల ఆగస్టులో వచ్చే టీఎంసీ జూన్‌లో వచ్చే టీఎంసీకి సమానం కాదు. ట్రైబ్యునల్ లెక్కలో మాత్రం రెండూ ఒకటే.

2014 వరకు ఈ లోటు పెద్దగా బయటపడలేదు. సాగర్ ఆయకట్టుకూ, జలవిద్యుత్తుకూ, డెల్టాకూ మధ్య వచ్చే పోటీని ఒకే మంత్రిమండలి పరిష్కరించగలిగేది. డెల్టాకు సకాలంలో నీరిచ్చేందుకు 45.77 టీఎంసీల సామర్థ్యంతో పులిచింతల జలాశయాన్ని తలపెట్టింది కూడా ఆ ఒక్క రాష్ట్రమే.

5. విభజన తరువాత:
2014 నాటి పునర్విభజన చట్టం కేంద్రమంత్రి అధ్యక్షతన అపెక్స్ కౌన్సిల్‌ను, దాని కింద కృష్ణా నదీ యాజమాన్య బోర్డును ఏర్పాటు చేసింది. 2015లో 811 టీఎంసీలను ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా తాత్కాలికంగా పంచుకున్నారు. ఈసారి కూడా తేలింది పరిమాణమే.

2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం శ్రీశైలం, సాగర్, పులిచింతలలో జలవిద్యుదుత్పత్తిని పెంచింది. ఎత్తిపోతలకు విద్యుత్తు అవసరమని, శ్రీశైలం మొదటినుంచీ జలవిద్యుత్ ప్రాజెక్టేనని ఆ ప్రభుత్వ వాదన. దిగువకు చేరిన నీటిని నిలిపే చోటు లేక ప్రకాశం బ్యారేజీ నుంచి సముద్రంలోకి వదలవలసి వచ్చింది. జూలై 15న కేంద్రం బోర్డు పరిధిని గెజిట్‌లో ప్రకటించినా, ప్రాజెక్టుల అప్పగింత అనుకున్న గడువులో పూర్తికాలేదు.

2015లో ప్రారంభమైన పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు బ్యారేజీకి చేరడం డెల్టాకు గొప్ప ఊరట. అయితే పోలవరం నుంచి కృష్ణకు మళ్లించే 80 టీఎంసీలలో ఎగువ రాష్ట్రాలకు 35 టీఎంసీల వాటా ఉండాలన్న గోదావరి తీర్పు ఇక్కడా చర్చకు వచ్చింది.

2023 నవంబరు 30న సాగర్ గేట్ల వద్ద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలవగా, కేంద్రం సీఆర్‌పీఎఫ్ బలగాలను దించింది. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటి వరిపంటను ముంచింది. మొదటి ఘటన కుడికాలువ నీటికి సంబంధించినది. రెండింటికీ కార్యకారణ సంబంధం లేదు. కాని పంటకాలం ఎవరికోసమూ ఆగదన్న సత్యాన్ని ఆ వారం రోజులు గుర్తుచేశాయి.

6. ముగింపు:
పశ్చిమ డెల్టా అనుభవాన్ని కేంద్రాధిక్యానికో రాష్ట్రహక్కుకో సాక్ష్యంగా మాత్రమే చూడడం సరికాదు. రాజ్యాంగం అధికారాన్ని విషయాలవారీగా పంచింది, ట్రైబ్యునల్ నీటిని పరిమాణాలవారీగా పంచింది. సమయం ఈ రెండు పంపకాల్లోనూ చేరలేదు. వర్షపాతం ఏటా మారుతుంది కనుక తేదీలను ముందే రాసిపెట్టడం సాధ్యం కాదన్న అభ్యంతరం సహేతుకమే. అయినా లభ్యతను బట్టి ఖరీఫ్ తొలినెలల్లో నారుమళ్లకు ఎంత నిష్పత్తిలో విడుదల చేయాలో నియమంగా నిర్ణయించడానికి అది అడ్డు కాదు.

1997 నాటి చట్టం నీటివినియోగదారుల సంఘాలకు పంటకాలువల బాధ్యత అప్పగించింది. విడుదల తేదీలు చర్చించే బోర్డులో మాత్రం ఆ సంఘాలకు స్థానం లేదు. అధికార విభజన ఢిల్లీకీ రాష్ట్ర రాజధానులకూ మధ్యనే ముగిసిపోతే, దాని ఫలితాన్ని అనుభవించే రేపల్లె చివరి భూముల రైతుకు అందులో మాట ఉండదు. ఈ లోటును పూరించనంతవరకు నీటి కేటాయింపు హక్కుగానే మిగులుతుంది, పంటగా మారదు.