చెరువు గర్భమున శిథిలములు

తెలుగునాట చెరువు ఊరికి ప్రాణము. కాకతీయుల కాలమున రామప్ప, పాకాల, లక్నవరము మొదలగు తటాకములు వెలసినవి. కుతుబ్‌షాహీల యేలుబడిలో 1562 ప్రాంతమున హుసేన్‌సాగరము నిర్మాణమైనది. హైదరాబాదు నగరమునకు పునాది పడినది 1591లో. అనగా చెరువు ముందు, నగరము వెనుక.

ఈ చెరువులు విడివిడిగా నున్నవి కావు. ఎగువ చెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు వాగుల వెంబడి దిగువ చెరువును చేరును. అందుచేతనే వీనికి గొలుసుకట్టు చెరువులని పేరు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది జనులను బలిగొన్న పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఎగువను జలాశయములు కట్టబడినవి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. వరద నీటికి నిలుచుటకు చోటు చూపనిచో అది ఇండ్లలో చోటు వెదకికొనునని ఆ విపత్తు నేర్పిన పాఠము.

పూర్వము వేసవిలో రైతులు చెరువు పూడికమట్టిని బండ్లతో పొలములకు తోలుకొనెడివారు. చెరువునకు లోతు, చేనికి సత్తువ, రెండును ఒక్క పనిచేతనే సమకూరెడివి. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ ఈ పద్ధతినే పునరుద్ధరించినది. నగరములలో మాత్రము బండి దారి తిరుగబడినది. కూల్చిన ఇండ్ల ఇటుకలు, కాంక్రీటు పెళ్లలు, పునాదుల మన్ను రాత్రివేళ లారీలలో చెరువు అంచున కుమ్మరింపబడుచున్నవి. మొదట దిబ్బ, పిదప చదును నేల, ఆపైన ఇంటిస్థలము! ఆకులు అలములు కుళ్ళి మన్నగును, కాంక్రీటు కుళ్ళదు. హైదరాబాదులో మాసబ్ ట్యాంకు నేడు చెరువు కాదు, ఒక పేట పేరు మాత్రమే.

శాసనములు లేకపోలేదు. నిర్మాణ వ్యర్థములపై 2016లోను, చిత్తడినేలలపై 2017లోను కేంద్ర ప్రభుత్వము నియమములు చేసినది. రక్షిత చిత్తడినేలలలో అట్టి వ్యర్థములు వేయుటను రెండవవి నిషేధించినవి. కాని తాగునీటికి, సేద్యమునకు మానవులు కట్టిన చెరువులను ఆ నిర్వచనమునుండి మినహాయించినవి. మన చెరువులు అధికభాగము అట్టివే గదా! వానికి 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము వంటివియే అండ.

పూడిన చెరువునకు పునర్జన్మ దుర్లభమైనను అసాధ్యము కాదు. అంబర్‌పేటలోని బతుకమ్మకుంట పాత దస్తావేజులలో సుమారు 14 ఎకరములు. మట్టితో, వ్యర్థములతో పూడి, ఆక్రమణలకు లోనై, చివరకు సుమారు 5 ఎకరముల స్థలము మిగిలినది. 2024లో ఏర్పడిన హైడ్రా సంస్థ 2025 ఫిబ్రవరిలో అచట త్రవ్వింపగా నీరు పైకి వచ్చినది. అదే సంవత్సరము సెప్టెంబరులో ఆ కుంట మరల ప్రజలపరమైనది. బతుకమ్మలను సాగనంపిన నీరు తిరిగి కనుపించినది. తక్కిన తొమ్మిది ఎకరములు తిరిగి రాలేదు.

ఆ కుంటను నిలిపినవి పాత దస్తావేజులే యనుట గమనింపదగినది. శిఖము హద్దులు, అలుగు మట్టము, కాలువల జాడ ఊరివారికి తెలిసియుండవలెను. మొదటి లారీని అడ్డగించుట ఒక పూట పని. నూరవ లారీ వచ్చి పోయిన తరువాత తవ్వి తీయుట ఒక తరము పని.