పూటకూళ్ళ సుబ్బమ్మ గారి అబ్బాయి

'తల్లి ప్రభావం' అనగానే మనవాళ్ళందరికీ ముందు గుర్తొచ్చేది జిజియాబాయి. శివాజీకి చిన్నప్పుడే రామాయణ భారత కథలు చెప్పి వీరుణ్ణి చేసిందని బళ్ళో చదువుకున్నాం, అక్కడే ఆగిపోయాం. కథలు చెప్పడం, జోల పాడటం, పిల్లల కోసం ఉపవాసాలుండటం... అమ్మల గొప్పతనం అంటే ఈ లిస్టే. ఇందులో డబ్బు సంపాదించడం ఎందుకుండదో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

మాది మార్కాపురం. నా పదో తరగతి సర్టిఫికెట్ మీద ప్రకాశం జిల్లా అని ఉంటుంది. నిజానికి మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలోవి. ఆ ఏడాది ఫిబ్రవరి 2న కర్నూలు, నెల్లూరు, గుంటూరు జిల్లాల నుంచి తలా ఒక ముక్క కోసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అంటే మా పడమటి వాళ్ళకి ఆ పేరు గెజిట్లో వచ్చిందే :) బళ్ళో మాకు చెప్పింది ఒక్కటే సీను. 1928 ఫిబ్రవరి 3, మద్రాసు, సైమన్ కమిషన్, తుపాకీకి ఎదురుగా రొమ్ము చూపించిన ఆంధ్రకేసరి. దానికి నలభై అయిదేళ్ళ ముందు సీను ఒకటుంది, అది ఎవరూ చెప్పలేదు. ఆయన ఆత్మకథ 'నా జీవిత యాత్ర' చదివితే గానీ తెలీలేదు.

ప్రకాశం గారు పుట్టింది 1872లో, కనుపర్తి దగ్గర వినోదరాయునిపాలెంలో. ఆయనకి పదకొండేళ్ళప్పుడు నాన్న గోపాలకృష్ణయ్య గారు పోయారు. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళతో మిగిలింది తల్లి సుబ్బమ్మ గారు. నియోగి బ్రాహ్మణ కుటుంబం. ఆ రోజుల్లో అలాంటి ఇంటి వితంతువు ఏం చెయ్యాలి? ఏ అన్నదమ్ముల ఇంట్లోనో ఓ మూల వంట చేస్తూ బతకాలి. ఆవిడ ఆ పని చెయ్యలేదు. పిల్లల్ని తీసుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు పెట్టింది.

పూటకూళ్ళ ఇల్లంటే ఇప్పటి మెస్సే. తెలుగుదేశంలో ఇది కొత్త వ్యాపారమేమీ కాదు. 'క్రీడాభిరామం'లో (శ్రీనాథుడిదా, వల్లభరాయుడిదా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంటారు) ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి భోజనం, దాని రేటు కూడా ఉన్నాయి. తాలూకా ఊరంటే కోర్టులు, కచేరీలు. పల్లెల నుంచి పని మీద వచ్చినవాడు ఎక్కడ తినాలి? ఎవరి చేతి వంట ఎవరు తినొచ్చన్న దాని మీద అప్పట్లో బోలెడు పట్టింపులు. బ్రాహ్మణ ఇంటి వంటకి మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు. చదువు లేని, ఆస్తి లేని వితంతువు దగ్గర అమ్ముకోదగ్గది అదొక్కటే. ఆవిడ కరెక్టుగా దాన్నే అమ్మింది. ఈ లెక్క ఎవరు నేర్పారో గానీ, నేను చూసిన చాలామంది మేనేజర్లకంటే తెలివైన లెక్క.

కాకపోతే అదే కులం ఈ పనిని చిన్నచూపు చూసింది. డబ్బు తీసుకుని పరాయివాళ్ళకి వడ్డించే ఆడమనిషంటే లోకువ. అనుమానం కూడా. 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ ఎవరో మీకు తెలుసు కదా. గిరీశం పొందు, చేతిలో చీపురు, ప్రేక్షకుల నవ్వు. సరిగ్గా ఆ కాలంలోనే ఒంగోల్లో నిజం పూటకూళ్ళమ్మ ఒకావిడ పొగ మింగుతూ కొడుకుల్ని చదివించింది. గురజాడని తప్పు పట్టట్లేదు, ఆ నాటకం నాకూ ఇష్టమే. కానీ వేదిక మీద నవ్వు తెప్పించిన మనిషి పిల్లల ఫీజులు ఎలా కట్టిందో ఏ నాటకంలోనూ చూపించలేదు.

ఫీజంటే గుర్తొచ్చింది. ఒకసారి పరీక్షకి మూడు రూపాయలు కట్టాల్సొచ్చింది. చుట్టాల దగ్గరికెళ్తే పుట్టలేదు. చివరికి సుబ్బమ్మ గారు తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలు ఇచ్చింది. అంతా ఆవిడే చేసిందని చెప్పడం కూడా అబద్ధమే లెండి. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారని మిషన్ స్కూల్ మాస్టారు ఈ అల్లరి కుర్రాణ్ణి చేరదీసి, రాజమండ్రి దాకా తీసుకెళ్ళి చదివించాడు. అయితే మాస్టారి కంట పడాలంటే ముందు ఆ కుర్రాడు ఒంగోల్లో ఉండాలి కదా. ఉంచింది అమ్మ.

తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరయ్యాడు, మద్రాసులో లక్షలు సంపాదించాడు, 1921లో 'స్వరాజ్య' పత్రిక పెట్టి ఆ లక్షలన్నీ అందులో పోశాడు. 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. 1957లో పోయేనాటికి చేతిలో ఏమీ లేదు. ఆయన ధైర్యానికి తల్లి చెప్పిన నీతులు కారణమని ఉపన్యాసాల్లో అంటుంటారు. నాకైతే అలా అనిపించదు. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయాన్ని పక్కన పడేసిన మనిషిని ఆయన పదకొండేళ్ళ వయసు నుంచీ రోజూ దగ్గర్నుంచి చూశాడు. తల్లి పూటకూళ్ళ సంగతి ఆత్మకథలో దాచుకోకుండా రాశాడు కూడా. ముఖ్యమంత్రి చేసినాయన అలా రాసుకోవడం చిన్న విషయం కాదు.

ఒక్కటి మాత్రం నాకు గుచ్చుకుంటుంది. కూతుళ్ళు ముగ్గురున్నారు. పట్టుచీర తాకట్టు పెట్టింది కొడుకు పరీక్షకి. ఆ కాలమే అంతలే అని సర్దిచెప్పుకోవచ్చు. ఇప్పుడు మా వైపు అమ్మలు అలా లేరు. పలకల ఫ్యాక్టరీల్లో రాతిపొడి పీల్చి పనిచేసిన ఆవిడే కూతుర్ని బీటెక్ చదివిస్తోంది. మార్కాపురం పలక మీద ఎక్కడెక్కడి పిల్లలో అ ఆలు దిద్దారు, ఆ పలక కోసిన చేతులకి అ ఆలు రావు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా అమ్మ మార్కాపురంలో పదకొండేళ్ళుగా కర్రీ పాయింట్ నడుపుతోంది. నా ఇంజినీరింగ్, చెల్లి డిగ్రీ అందులోంచే వచ్చాయి. ఈ ఏడాది నాకు సంబంధాలు చూస్తున్నారు. గిద్దలూరు నుంచి మేనత్త వచ్చి "అబ్బాయి సాఫ్ట్‌వేర్ అయ్యాక ఇంకా కూరలమ్మడమేంది వదినా, పిల్లనెవరిస్తారు, మూసెయ్" అంది. బయోడేటాలో తల్లి అన్న చోట 'గృహిణి' అని వేయమని పెదనాన్న సలహా. వెయ్యనన్నా. పెదనాన్న ఇప్పటికీ మాట్లాడట్లేదు.

హైదరాబాదులో కేపీహెచ్‌బీ, అమీర్‌పేట వైపు మెస్సుల్లో తినే మీలో చాలామందికి తెలుసు, గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆంటీది ఒంగోలో, వినుకొండో, మా కంభమో అయ్యుంటుంది. వాళ్ళ పిల్లలు కొందరు మీ పక్క క్యూబికల్‌లోనే ఉంటారు. అడిగితే "అమ్మ ఇంట్లోనే ఉంటుంది" అంటారు.

మా అమ్మ మాత్రం మేనత్తకి వెంటనే చెప్పేసింది. "సంబంధానికొచ్చేవాళ్ళు ముందు కూర తినిపోనీ వదినా, నచ్చితే పిల్లనిస్తారు, లేకుంటే లేదు" అని. పోయిన నెల నుంచి సాయంత్రాలు చపాతీలు కూడా మొదలుపెట్టింది. రెండో పొయ్యి నేనే కొనిచ్చా, డబ్బులు మాత్రం వాయిదాల్లో తిరిగిస్తోంది, వద్దన్నా వినట్లేదు.