శంషాబాద్ విమానాశ్రయం

హైదరాబాద్ నగర కేంద్రానికి దక్షిణాన సుమారు 24 కిలోమీటర్ల దూరంలో, రంగారెడ్డి జిల్లా శంషాబాద్ దగ్గర ఉన్న అంతర్జాతీయ విమానాశ్రయం ఇది. అధికారిక నామం రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం. ప్రయాణికుల లెక్కన ఢిల్లీ, ముంబయి, బెంగళూరు తరవాత దేశంలో నాలుగో స్థానం దీనిది. 2023-24లో ఇక్కడినుంచి రాకపోకలు సాగించినవారు 2.5 కోట్ల మంది. పశ్చిమాన 44వ నంబరు జాతీయ రహదారి, తూర్పున శ్రీశైలం రహదారి, ఈ రెంటి మధ్య దాదాపు 5,500 ఎకరాల్లో పరుచుకుని ఉంది.

ఇది రాకముందు హైదరాబాద్ విమానాశ్రయమంటే బేగంపేటే. నిజాం జమానాలో, 1930లలో పుట్టిన ఆ మైదానం నుంచే దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు ఎగిరేవి. 1953లో విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు ఆ సంస్థ కలిసిపోయింది గాని, బేగంపేట నిలిచింది. నగరం దాన్ని నాలుగు వైపులా చుట్టేయడంతో రన్‌వే పొడిగించేందుకు చోటు లేకపోయింది. 1998 అక్టోబరు నాటికి రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయానికి బొంగ్లూరు, నాదర్‌గుల్, శంషాబాద్ అనే మూడు చోట్లను ఎంచి, డిసెంబరులో శంషాబాద్‌ను ఖాయం చేసింది. రెండు రహదారులు, ఒక రైలు మార్గం చేరువలో ఉండటమే కారణం. రైలు మార్గం చూసి ఎంచిన చోటికి ఇప్పటికీ రైలు రాకపోవడం వింతే.

2004 డిసెంబరులో విమానాశ్రయాన్ని కట్టే సంస్థకు కేంద్రంతో నిర్మాణ, నిర్వహణ ఒప్పందం కుదిరింది. 2005 మార్చి 16న శంకుస్థాపన, 2008 మార్చి 14న ప్రారంభోత్సవం జరిగాయి. ప్రారంభోత్సవానికి ముందు బేగంపేట వంటి పాత విమానాశ్రయాలను మూసేయవద్దంటూ విమానాశ్రయ ప్రాధికార సంస్థ ఉద్యోగులు దేశమంతటా సమ్మె చేశారు. మూసివేత ఆగలేదు. మార్చి 23న రాకపోకలు మొదలయ్యాయి; ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన లుఫ్తాన్సా విమానం మొదట దిగినవాటిలో ఒకటి.

దీన్ని కట్టింది జీఎంఆర్ సంస్థ. దాని స్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావుది ఉత్తరాంధ్రలోని రాజాం. మొదట్లో జీఎంఆర్ వాటా 63 శాతం. విమానాశ్రయ ప్రాధికార సంస్థకు, రాష్ట్ర ప్రభుత్వానికి చెరి 13 శాతం, మిగిలిన 11 శాతం కౌలాలంపూర్ విమానాశ్రయాన్ని నడిపే మలేషియా ఎయిర్‌పోర్ట్స్ సంస్థకు. 2024లో ఆ మలేషియా వాటాను కూడా జీఎంఆర్ కొనేసింది. ఒప్పందం గడువును 2068 దాకా పొడిగించారు.

ఆగ్నేయాసియా నగరాలతో పోలిక ఇక్కడ అక్కరకొస్తుంది. కౌలాలంపూర్ 1998లో సుబాంగ్‌ను వదిలి సెపాంగ్‌కు, బ్యాంకాక్ 2006లో డాన్ మువాంగ్‌ను వదిలి సువర్ణభూమికి మారాయి. రెండూ తరవాత పాతవాటి తలుపులు మళ్లీ తెరిచాయి. డాన్ మువాంగ్‌లో ఇవాళ చౌక టికెట్ల విమానాల సందడి. హైదరాబాద్‌లో అలా జరగలేదు. కొత్త విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు మరొకటి 25 ఏళ్లపాటు రాకూడదన్న షరతు ఒప్పందంలోనే ఉంది. కాబట్టి బేగంపేట ప్రముఖుల విమానాలకు, శిక్షణకు, రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా విమానయాన ప్రదర్శనకు పరిమితమైంది. వరంగల్ మామునూరు విమానాశ్రయం ఏళ్ల తరబడి ఆగిపోవడంలోనూ ఈ షరతు పాత్ర ఉంది. దానికి జీఎంఆర్ సమ్మతించాక, 2025లో గాని కేంద్రం పచ్చజెండా ఊపలేదు. పెట్టుబడి పెట్టినవాడికి ధీమా కావాలి, నిజమే. ఆ ధీమా ఖర్చును జిల్లాలు కూడా మోశాయి.

ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు, రెండోది 3,707 మీటర్లు. ఏ380 వంటి భారీ విమానం కూడా దిగగలదు. ఏటా 1.2 కోట్ల మందికని కట్టిన టెర్మినల్‌ను 3.4 కోట్ల మందికి సరిపడేలా పెంచారు. స్వదేశీ, విదేశీ ప్రయాణాలు రెండూ ఒకే కప్పు కింద. స్వదేశీ టెర్మినల్‌కు ఎన్.టి. రామారావు పేరు పెట్టాలని 2014లో కేంద్రం నిర్ణయించగా, తెలంగాణ శాసనసభ దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. మందుల పరిశ్రమకు పుట్టిల్లయిన నగరం గనుక సరుకు రవాణా విభాగంలో ఔషధాలకు ప్రత్యేకంగా చల్లదనం కాపాడే ఏర్పాటు ఉంది.

ఈ విమానాశ్రయం స్వభావం తెలియాలంటే రాత్రిపూట అంతర్జాతీయ ప్రయాణికుల వరుసలు చూడాలి. గల్ఫ్ విమానాలకు జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల కూలీలు, డ్రైవర్లు. ఆగస్టు వచ్చిందంటే అమెరికా చదువులకు వెళ్లే పిల్లలు, ఒక్కొక్కరి వెంట బంధువర్గమంతా. 23 కిలోలు దాటిన పెట్టెను అక్కడే నేలమీద తెరిచి, ఆవకాయ సీసా ఉంచాలా కందిపొడి తీయాలా అని తల్లి తర్జనభర్జన పడుతుంటుంది. అమెరికాకు నేరుగా విమానం మాత్రం నిలదొక్కుకోలేదు. 2021 జనవరిలో ఎయిరిండియా షికాగోకు మొదలుపెట్టింది గాని, ఎంతోకాలం సాగలేదు. దుబాయ్, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి చోట్ల విమానం మారాల్సిందే. తూర్పు దిక్కుకు సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ సర్వీసులున్నాయి.

ఆ పిల్లల్లో చాలామంది అంతకుముందే మొయినాబాద్ మండలంలోని చిలుకూరుకు వెళ్లొచ్చి ఉంటారు. ఉస్మాన్ సాగర్ ఒడ్డున ఉన్న ఆ గుడిని జనం 'వీసా బాలాజీ' అంటారు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, వీసా చేతికొచ్చాక 108. లెక్క తప్పకుండా అంకెలు అచ్చేసిన చీటీ మీద ఒక్కో చుట్టుకూ గీత పెట్టుకుంటూ తిరుగుతారు. గుడిలో హుండీ లేదు.

మొయినాబాద్–చేవెళ్ల ప్రాంతంలోని ఎంకపల్లి వంటి ఊళ్లవాళ్లు బీజాపూర్ రోడ్డెక్కి అప్పా జంక్షన్ చేరి, ఔటర్ రింగు రోడ్డు మీదుగా శంషాబాద్ వెళ్తారు. నగరంలోని చాలా పేటలవాళ్ల కన్నా వీళ్లకే దారి సులువు. వానలు ముదిరి హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మాత్రం కట్ట దిగువన సర్వీస్ రోడ్డు నీట మునుగుతుంది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాల కాపుదలకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను అడ్డుకుంది. అందుకే విమానాశ్రయం పక్కనే ఉన్నా మొయినాబాద్ వైపు గులాబీ తోటలు, కూరగాయల మడులు, వాటి మధ్య ఫామ్‌హౌస్‌లు మిగిలాయి. 2022లో షరతులతో ఆ జీవోను సడలిస్తూ ప్రభుత్వం మరో ఉత్తర్వు ఇచ్చింది.

నగరం నుంచి వెళ్లేవారికోసం మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరుచుకుంది. ఆర్టీసీ పుష్పక్ బస్సులు రాత్రింబవళ్లు తిరుగుతాయి. రాయదుర్గం నుంచి మెట్రోకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం మారాక ఆ మార్గాన్ని పక్కనబెట్టి, నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్టల మీదుగా విమానాశ్రయానికి వెళ్లే దారిని ప్రతిపాదించారు.