ఇగ్బో-ఉక్వు కంచు నిక్షేపాలు, ఎన్రి సంప్రదాయం: ఆధారాలు ఎంతవరకు చెబుతున్నాయి?

ఆగ్నేయ నైజీరియాలోని అనంబ్రా రాష్ట్రంలో అగ్వాటా ఒక స్థానిక పాలనా ప్రాంతం. ఎక్వులోబియా, ఉగా, ఇసువోఫియా, ఉముచు, అచినా, ఒరాయెరి, ఇగ్బో-ఉక్వు దాని పరిధిలోని ఊళ్లు. పెండలం, కర్రపెండలం, ఆయిల్ పామ్ ఇక్కడి వాళ్లకు తరతరాల జీవనాధారం. సంతల లెక్క నాలుగు రోజుల వారం మీద నడుస్తుంది: ఎకె, ఒరియె, అఫొ, ఎన్‌క్వొ. కొత్త పెండలం పండుగ చేయనిదే పంట ముట్టని ఆచారం ఇగ్బో నేలంతటా ఉన్నట్టే ఇక్కడా ఉంది. ఈ ప్రాంతాన్ని ప్రపంచ పురావస్తు పటంలో నిలబెట్టింది మాత్రం ఇగ్బో-ఉక్వు పెరళ్లలో దొరికిన కంచు సామగ్రి. ఆ వస్తువులు ఎవరివి, ఏ కాలానివి, నేటి సంప్రదాయాలతో వాటికున్న సంబంధం ఏపాటిది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

తవ్వకాలు

1938 ప్రాంతంలో ఐజయా అనోజీ అనే గ్రామస్థుడు వాన నీళ్లు నిలవ చేసుకోవడానికి తన ఇంటి ఆవరణలో గొయ్యి తవ్విస్తుండగా కంచు వస్తువులు బయటపడ్డాయి. ఇరుగుపొరుగు కొన్నింటిని పట్టుకుపోయారు. తర్వాత జె.ఓ. ఫీల్డ్ అనే బ్రిటిష్ అధికారి చాలావాటిని కొని భద్రపరిచి, వాటి గురించి ఒక చిన్న నివేదిక ప్రచురించాడు. శాస్త్రీయంగా తవ్వకాలు జరిపినవాడు థర్‌స్టన్ షా. 1959-60లో ఒకసారి, 1964లో మరోసారి ఆయన తవ్విన మూడు చోట్లకు ఆ స్థలాల యజమానుల పేర్లే స్థిరపడ్డాయి: ఇగ్బో ఐజయా, ఇగ్బో రిచర్డ్, ఇగ్బో జోనా. రెండు సంపుటాల నివేదిక 1970లో వెలువడింది.

ఇగ్బో ఐజయాలో పూజా సామగ్రి, అధికార చిహ్నాలు ఒకచోట పేర్చినట్టు దొరికాయి. ఇగ్బో రిచర్డ్ ఒక సమాధి. చెక్కలతో గోడలు కట్టిన గదిలో ఒక ప్రముఖ వ్యక్తిని పీట మీద కూర్చోబెట్టి పాతిపెట్టారు. ఆ దేహంతోపాటు రాగి కిరీటం, రాగి ఛాతీపలక, ఏనుగు దంతాలు, లక్షకు పైగా పూసలు ఉన్నాయి. ఆ గది పైభాగాన కనీసం ఐదుగురి అవశేషాలు కనిపించాయి. ఇగ్బో జోనాలోని గోతుల్లో కుండలు, ఎముకలు, కంచు వస్తువులు కలిసి ఉన్నాయి. మూడు చోట్ల నుంచీ వచ్చిన పూసలు 1,65,000 దాటాయి.

పనితనం

ఈ సామగ్రిలో అందరూ చెప్పుకునేది తాడు అల్లిక చుట్టిన కుండ. పీఠంతో కలిపి ఎత్తు సుమారు 32 సెంటీమీటర్లు. తాడు పేటలు, ముడులు నిజమైన తాటిని చూసినంత స్పష్టంగా కంచులో వచ్చాయి. శంఖాకార పాత్రల మీద కీటకాలు, కప్పలు, చిరుతపులి ఉన్నాయి. పని తీరులో ఒక తేడా గమనించదగ్గది. స్వచ్ఛమైన రాగిని సుత్తితో సాగగొట్టి, మెలిపెట్టి, గీతలు చెక్కారు. తగరం, సీసం కలిసిన కంచును మాత్రం పోత పోశారు. క్లిష్టమైన వస్తువులను భాగాలుగా పోసి, కరిగిన కంచుతోనే అతికారు. ఏ లోహం దేనికి లొంగుతుందో ఆ పనివాళ్లకు క్షుణ్ణంగా తెలుసన్నది వస్తువులే నేరుగా చెబుతున్న సంగతి. దీనికి మరే సాక్ష్యమూ అక్కర్లేదు.

కాలం, లోహం గురించిన వాదం

మొదట వచ్చిన ఐదు రేడియో కార్బన్ ఫలితాల్లో నాలుగు క్రీ.శ. తొమ్మిదో శతాబ్దం చుట్టూ పడ్డాయి. ఒకటి పదిహేనో శతాబ్దానికి వచ్చింది. నాలుగింటికీ వందేళ్లకు పైగా అటూ ఇటూ జరిగే వీలుంది. పైగా పాత చెట్టు కలప వాడితే, వస్తువు చేసిన కాలం కంటే ముందటి తేదీ వస్తుంది. 1973లో బాబాతుండే లావల్ వంటి పండితులు అంత ముందు కాలాన్ని శంకించారు. అడవి ప్రాంతానికి ఇంత రాగి, ఇన్ని గాజు పూసలు ఏ వర్తకం ద్వారా వచ్చాయన్నది వాళ్ల ప్రశ్న. 1975లో షా దానికి వివరంగా సమాధానమిచ్చాడు.

లోహం విషయంలో ఆ అనుమానానికి బలం తగ్గింది. రాగి, సీసం, తగరం నైజీరియా గనుల నుంచే వచ్చి ఉండవచ్చని 1989లో ప్రచురితమైన రసాయన పరిశోధన చూపింది. అబాకాలికి పరిసరాలతో సహా బెన్యూ లోయ ఖనిజాలు అందులో ముఖ్యమైనవి. పూసల సంగతి వేరు. నైజర్ నది మీది గావో పట్టణం దాకా, సహారా దారుల దాకా సాగిన వర్తకంతో వాటిని ముడిపెట్టి చూస్తున్నారు. సమాధిలో దొరికిన ఒక పిడి మీద గుర్రపు రౌతు ఉన్నాడు. గుర్రాలు బతకడం కష్టమైన సెట్సీ ఈగల ప్రాంతంలో ఆ బొమ్మ ఉత్తరాదితో పరిచయాన్ని సూచిస్తుంది. వర్తకం ఎంత పెద్దదో చెప్పడానికి మాత్రం ఆ ఒక్క బొమ్మ చాలదు.

ఎన్రి సంప్రదాయం

పొరుగునున్న అనావోచా ప్రాంతంలోని ఎన్రి, ఇగ్బో సంస్కృతిలో పూజ్యస్థానం. ఎజె ఎన్రి సైన్యంతో ఏలే రాజు కాదు. ఆయన మనుషులు శాంతిదండం పట్టుకుని ఊరూరా తిరిగి, భూమాతకు జరిగిన అపచారాలకు శుద్ధి చేసేవారు, బిరుదులు ప్రదానం చేసేవారు. ఎం.ఎ. ఒన్వుఎజెఒగ్వు ఈ సంప్రదాయాన్ని సేకరించి 1981లో గ్రంథంగా తెచ్చాడు. ఇగ్బో-ఉక్వు సమాధిలోని వ్యక్తి ఇలాంటి పూజారి-రాజు అన్న వ్యాఖ్యకు ఆ పరిశోధనే ప్రధాన ఆధారం.

ఈ వ్యాఖ్యకు బలమైన సాక్ష్యం ముఖాల మీదుంది. కంచు పతకాల మీది ముఖాలకు, పీఠం మీది పురుషుడి బొమ్మకు నుదుటి గీతలున్నాయి. బిరుదులున్నవాళ్లు వేయించుకునే ఇచి గాట్లను అవి పోలి ఉన్నాయి. ఇగ్బో నేలలో పుట్టానని చెప్పుకున్న ఒలాడా ఇక్వియానో ఆత్మకథలోనూ (1789) పెద్దల నుదుటి గాట్ల వర్ణన ఉంది. అయితే రచయిత జన్మస్థలంపై పండితులు ఇంకా వాదించుకుంటున్నారు కనుక దాన్ని ప్రత్యక్ష సాక్ష్యంగా కాక, తోడు సాక్ష్యంగానే తీసుకోవాలి.

తేదీల దగ్గర పొత్తు అంత సులువుగా కుదరదు. మొదటి ఎజె ఎన్రి పాలన వంశావళి లెక్కల్లో ఒకచోట 1043లో, మరోచోట 1225 ప్రాంతంలో మొదలవుతుంది. రెండూ రేడియో కార్బన్ చూపిన కాలం తర్వాతివే. వంశావళుల్లో పాత తరాలు జారిపోవడం మామూలే కాబట్టి సంబంధం లేదని కొట్టిపారేయలేం, ఉందని తేల్చనూలేం. నిధులు దొరికిన నేలలో ఒకప్పుడు ఎన్రి మూలమున్న ఒరాయెరి వాళ్లుండేవారని, తర్వాత ఇగ్బో-ఉక్వు వాళ్లు వాళ్లను వెళ్లగొట్టారని కూడా ఒక కథనం ఉంది. భూమి హక్కుతో ముడిపడిన మాట గనుక దాన్ని రెండు ఊళ్ల వైపు నుంచీ విని తూచాలి.

తేలేది

మూడు సంగతులను గట్టిగా చెప్పవచ్చు. సుమారు వెయ్యేళ్ల కిందట ఈ నేల మీద అపారమైన సంపద ఒక పూజా పదవి చుట్టూ పోగుపడింది. పనితనం స్థానికం. లోహం కూడా చాలావరకు స్థానికమే అయ్యే అవకాశం బలంగా ఉంది. ఎన్రితో సంబంధం ఇప్పటికున్న వ్యాఖ్యలన్నిటిలో మేలైనదే గాని, రుజువైన చరిత్ర కాదు. పెద్ద కోటలు, సైన్యాలు లేని సమాజంలో ఇంత కళ పుట్టదన్న పాత అభిప్రాయాన్ని వదులుకోవడానికి ఆ మూడూ చాలు.

ఇగ్బో ఊళ్లలో ఇళ్ల కింద, పెరళ్ల కింద ఇంకా ఏమున్నాయో తెలియాలంటే కొత్త కట్టడాలకు పునాది తీసే ముందే నేలను పరీక్షించాలి. ఒరాయెరి, ఇగ్బో-ఉక్వు, ఎన్రి పెద్దల కథనాలను వేటికవి విడిగా నమోదు చేయాలి. వస్తువు ఎక్కడ, ఏ లోతున, దేని పక్కన దొరికిందో రాసి ఉంచకపోతే ఎంత అందమైన కంచైనా చరిత్రకు సగం సాక్ష్యమే ఇస్తుంది.