హనుమకొండ అంత దూరం

మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి చిన్నమ్మ. పీజీకి హైదరాబాద్ పోతానంటే తాత ఒప్పుకోలేదు. "హనుమకొండైతే పో బిడ్డా, పొద్దుగూకేసరికి ఇల్లు చేరొచ్చు" అన్నాడట. జనగామలో రైలెక్కితే ఒకవైపు సికింద్రాబాద్, ఇంకోవైపు దాదాపు సగం దూరంలో కాజీపేట. ఆమె చదువు సాగడానికి ఆ సగం దూరమే కారణం. కాకతీయ యూనివర్సిటీ చరిత్రను నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

అంతకు ముందు మా వైపు వాళ్ళకు యూనివర్సిటీ అంటే ఉస్మానియానే. 1918లో మొదలైన ఆ విద్యాలయం ఇంగ్లీషును పక్కనపెట్టి ఉర్దూలో ఉన్నత విద్య చెప్పింది. దేశంలోనే అది పెద్ద సాహసం. కానీ తెలుగు పల్లె నుంచి వెళ్ళిన పిల్లాడికి ఊరే కాదు, భాషా దూరమే. 1938లో వందేమాతరం పాడినందుకు బయటికి పంపిన విద్యార్థులు చదువు కోసం నాగపూర్ దాకా పోవాల్సి వచ్చింది. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. తెలుగు పిల్లాడికి మళ్ళీ కొత్త భాషే.

వరంగల్‌లో ఉస్మానియా పీజీ సెంటర్‌గా నడిచింది 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయమైంది. వరంగల్, ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కాలేజీలు దాని కిందికి వచ్చాయి. మహబూబాబాద్ వాళ్ళు రైల్లో, రైలు లేని భూపాలపల్లి వాళ్ళు బస్సులో వచ్చేవాళ్ళు. 2008లో కరీంనగర్‌కు శాతవాహన విడిగా వచ్చింది. ఫార్మసీ, ఇంజనీరింగ్, న్యాయశాస్త్రం, దూరవిద్య దాకా విస్తరించిన కాకతీయ ఇవాళ రాష్ట్రంలో ఉస్మానియా తర్వాత చెప్పుకునే యూనివర్సిటీ.

1991 నుంచి 1994 వరకు ఇక్కడ వైస్ చాన్సలర్‌గా ఉన్నది కొత్తపల్లి జయశంకర్. ఆర్థికశాస్త్రం సారు. నీళ్ళు, నిధులు, కొలువుల లెక్కలను జనం మాటల్లో చెప్పి ఉద్యమానికి వాదన అందించాడు. 2011లో పోయాడు, రాష్ట్రాన్ని చూడలేదు. 2016 అక్టోబరులో జనగామ, మహబూబాబాద్‌లతో పాటు ఏర్పడిన కొత్త జిల్లాకు జయశంకర్ భూపాలపల్లి అని పేరు పెట్టారు. ఒక అధ్యాపకుడి పేరు జిల్లా బోర్డు మీద ఉండటం చిన్న గౌరవం కాదు.

కానీ ఆ రాష్ట్రంలోనే ప్రభుత్వ యూనివర్సిటీల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. శాశ్వత నియామకాలు లేక కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ వాళ్ళే పాఠాలు లాక్కొస్తున్నారు. గైడ్ లేకుండా పరిశోధన ఎట్లా సాగుతుంది? సారు పేరు బోర్డు మీదుంది గానీ, సారు కూర్చోవాల్సిన కుర్చీ ఖాళీగా ఉంది.

ఇప్పుడు చుట్టాల్లో ఏ పిల్లకు పీజీ అన్నా చిన్నమ్మ దూరం అడగదు. "పాఠం చెప్పే సార్లు ఉన్నరా?" అనడుగుతది.