జపాను కథలలోని బడియక్క

జపాను బాలికల కథలలో రక్తబంధము లేని యక్క యొకతె కలదు. ఆమె పైతరగతి విద్యార్థిని. క్రొత్తగా చేరిన పిల్లకు లేఖ వ్రాసి, చెల్లెలిగా వరించి, లాలించును.

1899వ సంవత్సరపు శాసనము జిల్లా కొక బాలికోన్నత పాఠశాలయైన నుండవలెనని విధించెను. మంచి యిల్లాండ్రను తయారుచేయుటయే దాని యుద్దేశము. బాలికలో, ఆ గోడల నడుమ తమలో తామే వరుసలు కలుపుకొనిరి! 1916లో యొషియా నొబుకో యారంభించిన ‘పుష్పకథలు’ ఈ యనురాగమునకు భాష నిచ్చినవి.

1937లో ‘కన్యల రేవు’ ధారావాహికగా వెలువడసాగెను. యొకొహామాలోని మిషను పాఠశాలలో మిచికో యను చిన్నదాని చెలిమికై యిద్దరు పెద్దపిల్లలు పోటీపడుదురు. వారిలో యోకో శాంతమూర్తి. కర్తగా ముద్రితమైనది కవాబాటా యసునారి పేరు. చిత్తు వ్రాసినది నకజాతొ త్సునెకొ యను యువతియని పిమ్మట తేలినది. యోకో మార్దవము స్త్రీహస్తమునుండి వచ్చినదే యని నా నమ్మకము.

ఈ ప్రేమకు గడువు కలదు. చదువు ముగియును, పెండ్లి వచ్చును. పెద్దలు దీనిని సహించుట యందువలననే కాబోలు. యొషియా మాత్రము పెండ్లియాడలేదు. మొన్మా చియొ యను చెలికత్తెతో జీవితాంతము కాపురముండి, 1957లో చట్టరీత్యా ఆమెను దత్తత చేసికొనెను.